చేటెడు పప్పుకు ఒక పేజీ

మా అమ్మ గోవిందమ్మ దేవుణ్ణి కూడా పూర్తిగా నమ్మిన మనిషి కాదు. శనివారం పొద్దున్నే వేంకటేశ్వరస్వామి గుళ్ళో కొబ్బరికాయ కొట్టి, అదే మొక్కు మళ్ళీ ఆంజనేయస్వామికి కూడా చెప్పుకుని వచ్చేది. "అదేంటమ్మా, ఆయనకు చెప్పావుగా" అంటే, "నేను చెప్పాను సరే, విన్నట్టు నీకేమన్నా కబురొచ్చిందా?" అని నా మీద లేచేది. అలాంటి తల్లి కడుపున పుట్టినందుకు నాకు బోలెడు ఓపిక వచ్చి ఉంటుందని మీరనుకోవచ్చు. రాలేదు. ఆమెకు అనుమానం ఎంతో, నాకు కోపం అంత.

తిరువూరు బజారులో మాది కిరాణా కొట్టు. నాన్న పోయాక గల్లాపెట్టె ముందు అన్నయ్య కాశీవిశ్వనాథం కూర్చున్నా, సరుకు మంచిచెడ్డలు తేల్చేది మాత్రం అమ్మే. పసుపు గోడకు రాసి చూసేది. చింతపండు ముక్కు దగ్గర పెట్టుకుని పాతదో కొత్తదో చెప్పేసేది. బెజవాడ నుంచి బస్తాలు దిగితే కొట్లో ఉన్న తక్కెడలో ఒకసారి, ఇంటి వెనక వసారాలో వేలాడే రెండో తక్కెడలో ఇంకోసారి తూచేది. "మొదటి తక్కెడ కూడా మనదేగా అమ్మా" అంటే, "మనదైతే మాత్రం?" అనేది. ఆమెకు చదువు లేదు, వేలిముద్రే. అయినా ఆమె కళ్ళుగప్పి తూకం తగ్గించినవాణ్ణి నేను చూడలేదు.

కొసరు అనే మాట వింటే మాత్రం ఆమెకు ఒళ్ళు మండేది. బెల్లం కొనుక్కున్న పిల్లలు తూకం అయ్యాక పైన ఓ చిన్న ముక్క వేస్తారని చేయి చాపుకుని నిలబడేవారు. "తూకం సరిగ్గా వేశాక ఇంక కొసరెందుకురా? కొసరేసేవాడు ముందే ఎక్కడో కోసేసుంటాడు. పొండి!" అని తరిమేది. చిన్నప్పుడు నాకు కూడా వేయలేదు. ఆ ఉక్రోషం నాకు ఇప్పటికీ ఉంది.

ఒక పని మాత్రం ఆమె ఎవరికీ ఇచ్చేది కాదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక గుమ్మం పక్కన కూర్చుని, చేటలో కందిపప్పు పోసుకుని రాళ్ళు ఏరేది. నేను ఏరతానంటే, "నీ కళ్ళు వీధిలో ఉంటాయి" అనేది. పనిమనిషి ఏరతానంటే దాని కళ్ళు పప్పు మీదే ఉంటాయని భయం. ఇంక ఏరేదెవరు?

నన్ను ఆ వీధిలోనే ఇచ్చారు. నాలుగిళ్ళ అవతలే మా అత్తగారిల్లు. పుట్టింట్లో పిల్లి తుమ్మినా నాకు తెలిసేది. అందుకే ఆ వేసవిలో జరిగినదంతా నేను కళ్ళారా చూశాను.

మా మొదటి వదిన ప్రేమావతి గంపలగూడెం పిల్ల. జ్వరం వచ్చి పోయింది. బంగారం లాంటి మనిషి. ఆమెకు ఇద్దరు పిల్లలు. పెద్దది పరమేశ్వరి, బళ్ళో మూడో తరగతి పూర్తి చేసింది. చిన్నవాడు రాజేంద్రప్రసాద్. వాడు పుట్టిన ఏడు అందరూ రాష్ట్రపతిగారి పేరే పెట్టుకుంటున్నారని మేమూ పెట్టుకున్నాం. ఇంట్లో మాత్రం రాజా అనేవాళ్ళం. ఏడాది తిరిగాక అన్నయ్యకు విస్సన్నపేట నుంచి మహాలక్ష్మిని తెచ్చి చేశారు. వరసకు నాకు వదినే గాని వయసులో చిన్నది. సన్నగా ఉండేది, మాట కూడా సన్నగానే ఉండేది.

ఈ పెళ్ళికి ముందే ప్రేమావతి తల్లి సుబ్బాయమ్మగారు వచ్చి మా అమ్మ ముందు కూర్చున్నారు.

"వదినగారూ, మీ అబ్బాయికి మళ్ళీ పెళ్ళి వద్దనను. కానీ నా కూతురి పిల్లల్ని నాకిచ్చెయ్యండి. సవతి తల్లి చేతికింద పెట్టలేను" అన్నారు.

"ఒక్క ఏడు ఆగండి వదినగారూ" అంది అమ్మ. "ఆ పిల్లని నేను చూస్తాను. కంట్లో గాని, చేతిలో గాని ఇంత తేడా కనపడిందా, వచ్చే వేసవికి బడులు తెరిచేలోపు పిల్లల్ని నేనే మీ చేతిలో పెడతాను."

ఆ మాట మహాలక్ష్మికి కూడా తెలుసు. తెలిసే కాపురానికి వచ్చింది. ఆ ఏడాదంతా మా అమ్మ దాని వెనక నీడలా తిరిగింది. పిల్లలకు నెయ్యి ఎక్కువ వేస్తే, "అంత ప్రేమ ఎందుకు పొంగుతోందో?" అనేది. తక్కువ వేస్తే, "చూశావా!" అనేది. మాట్లాడకపోతే, "తక్కువ మాట్లాడేవాళ్ళ లోపలి సంగతి తేలదే" అనేది. ఒకరోజు నాకు తిక్కరేగి, "ఇంతకీ అది ఏం చేస్తే నీకు నచ్చుద్దో చెప్పు, దానికి చెప్పొస్తాను" అన్నాను. "చెప్పి చేయిస్తే అదేం చూట్టం?" అంది. ఆ మనిషితో వాదించడం నాదే బుద్ధి తక్కువ.

రాజా పిన్నీ పిన్నీ అని మహాలక్ష్మి కొంగు పట్టుకుని తిరిగేవాడు. పరమేశ్వరి మాత్రం ఆమెను ఏమనీ పిలిచేది కాదు. ఏదైనా కావాలంటే ఎదురుగా వచ్చి నిలబడేది, అంతే. తల దువ్వనిచ్చేది కాదు. దువ్వెన, రిబ్బన్లు పట్టుకుని పొద్దున్నే మా ఇంటికొచ్చి, "జడెయ్యత్తా" అనేది. అలా వస్తుంటే మహాలక్ష్మి గుమ్మంలో నిలబడి దాని వీపు వైపు చూస్తూ ఉండేది.

ఆ గడువు ఏడాది పూర్తయ్యే వేసవిలో ఎండలు మండిపోయాయి. మధ్యాహ్నం కొట్టు మూసేసేవాళ్ళు. పిల్లలు మాత్రం ఎండలో పడి తిరిగేవాళ్ళు. ఒకరోజు మహాలక్ష్మి, "అత్తయ్యా, నా పెట్టెలో కథల పుస్తకాలున్నాయి. మధ్యాహ్నం చదివి వినిపిస్తే పిల్లలు నీడపట్టున కూర్చుంటారు" అంది.

"ఏం పుస్తకాలు?" అంది అమ్మ వెంటనే.

"మా తాతయ్య కొన్నవి. మా చిన్నప్పుడు మాకు చదివేవారు."

"తీసుకురా. ముందు నేను చూడాలి."

అక్షరం ముక్క రాని మనిషి పుస్తకాలు చూట్టం ఏమిటని నేను నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది. సరుకు చూసినట్టే చూసింది. ఒక్కోదాన్నీ అరచేతిలో పెట్టి బరువు చూసింది, వాసన చూసింది, కుట్టు లాగి చూసింది. మొదటి పుస్తకం అట్ట మీద కోరల రాక్షసుడున్నాడు. "వీణ్ణి చూస్తే పిల్లవాడు పక్క తడుపుతాడు. ఉతికేదెవరు?" అని పక్కన పడేసింది. రెండో దాని మీద ఒక రాజు, అటొక రాణి, ఇటొక రాణి. అమ్మ ఆ బొమ్మ చూసింది, మహాలక్ష్మి మొహం చూసింది, మళ్ళీ బొమ్మ చూసింది.

"ఒక మగాడు, ఇద్దరాడవాళ్ళు. మనింట్లోకి ఈ కథెందుకు తీశావు?"

"నేనా బొమ్మ చూళ్ళేదత్తయ్యా" అంది మహాలక్ష్మి, చెవులు ఎర్రబడి.

"ఇంత బొమ్మ కనపళ్ళేదూ?" అని దాన్నీ పక్కన పెట్టేసింది.

మూడోది 'తలపాగా బాతు'. బాగా పాతది, అంచులు నలిగిపోయి ఉంది. అట్ట మీద ఒక బాతు పెద్ద తలపాగా చుట్టుకుని, రెక్క కింద గొడుగు పెట్టుకుని గేదె మీద నిలబడి ఉంది. రాజా అది చూసి కిందపడి దొర్లాడు. అమ్మ మాత్రం నవ్వలేదు. ఒక్కో పేజీ తిప్పింది. ఒకచోట ఒక మేక కొట్టు పెట్టుకుని, తక్కెడలో నక్షత్రాలు తూస్తున్న బొమ్మ ఉంది. అమ్మ చూపు అక్కడ ఆగిపోయింది.

"ఈ మేక తక్కెడ ముల్లు సరిగ్గా నిలబెట్టింది" అంది మెచ్చుకోలుగా. తర్వాత మహాలక్ష్మిని అడిగింది. "ఈ బాతుకు పెళ్ళయిందా?"

"లేదత్తయ్యా."

"పిల్లలున్నారా?"

"లేరు."

"అయితే ఏ గొడవా లేదు. ఇదే చదువు."

ఎంచింది మా అమ్మే. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

మర్నాటి నుంచి చదువుడు మొదలైంది. ఆకాశంలో వాన ఏ గాదెలో పోసి పెడతారో కనుక్కుని, తన చెరువుకు ఒక కుంచెడు అడిగి తెచ్చుకుందామని బయలుదేరిన బాతు కథ అది. తుమ్ములు అమ్మే కప్ప, కాలికి చెప్పులు వేసుకున్నాక నడవడం మరిచిపోయిన పీత, ఇలాంటివాళ్ళంతా దారిలో తగిలేవాళ్ళు. నేను రోజూ పని తెమల్చుకుని వెళ్ళి కూర్చునేదాన్ని. మామూలుగా నోట్లో మాట నోట్లోనే ఉండే మహాలక్ష్మి, పుస్తకం తెరిస్తే వేరే మనిషై పోయేది. బాతులా నడిచేది, మేకలా గొణిగేది. మేక నక్షత్రాలు అమ్మి ఒక మిణుగురు పురుగును కొసరు వేసిందని చదివితే, "మిణుగురులు ఊరికే పంచిపెడితే దానికి గిట్టుబాటెట్టా?" అని మా అమ్మ గుమ్మం దగ్గర నుంచి అరిచింది. అందరం గొల్లుమన్నాం. పరమేశ్వరి మాత్రం స్తంభానికి ఆనుకుని, మాకు వీపు పెట్టి కూర్చునేది. కథ వింటున్నట్టు ఎవరికీ తెలియకూడదు కాబోలు. నవ్వొచ్చినప్పుడు భుజాలు కదిలేవి.

అమ్మ కథ వింటోందనుకున్నాను. ఆమె కథను కొలుస్తోందని నాకేం తెలుసు! మహాలక్ష్మి పేజీ తిప్పేసరికి అమ్మ చేటలో పప్పు ఏరటం పూర్తయ్యేది. ఆ పేజీలో బొమ్మ ఉంటే సగం చేటకే అయిపోయేది. చేటెడు పప్పుకు ఒక పేజీ. రెండు రోజుల్లో ఆ లెక్క కట్టేసుకుంది ఆ మహాతల్లి.

ఒకరోజు కథలో బాతు ఒక గుమ్మడికాయ ఇంటికి చేరుకుంది, ఆ గుమ్మడికాయ బొమ్మ కూడా ఉంది. అందులో ఇద్దరు ఉడత పిల్లలున్నారు. మహాలక్ష్మి పేజీ తిప్పింది. ఒక్క క్షణం ఆగింది. గొంతు సవరించుకుని, "ఉడత పిల్లలు కూడా బాతుతో బయలుదేరారు" అని ఒక్క ముక్కలో చెప్పి మళ్ళీ పేజీ తిప్పేసింది. ఎవరికీ ఏమీ అనిపించలేదు. నాకూ అనిపించలేదు.

ఆ సాయంత్రం అమ్మ మా ఇంటికొచ్చింది. వచ్చీ రాగానే తలుపు దగ్గరగా వేసింది.

"అది ఇవాళ తక్కువ తూచింది" అంది.

"ఎవరు? ఏం తూచారు?"

"మీ వదిన. పేజీ నిండా అక్షరాలున్నాయి, బొమ్మ కూడా లేదు. నేను గుమ్మం దగ్గర్నుంచి చూశాను. నా చేటలో పప్పు పరిచానో లేదో తిప్పేసింది. పిల్లలకు రావాల్సిన కథ కొట్టేసిందే అది."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "కథ కొట్టేసి ఏం చేసుకుంటుందమ్మా, వండుకు తింటుందా? నీ అనుమానం పాడుగాను!" అన్నాను.

"కథే కొట్టేసినమ్మ రేపు కూడు కొట్టెయ్యదా?"

"ఆ పుస్తకం ఇలా పట్రా, నేను చదివి చెప్తాను."

"నువ్వు దాని పక్షం. నీ తక్కెడ నాకొద్దు" అని లేచి వెళ్ళిపోయింది.

కోపం వచ్చింది గాని, అనుమానం అంటుజబ్బు కదా. మర్నాటి నుంచి నా కళ్ళు కూడా మహాలక్ష్మి మీదే ఉన్నాయి. అంతకుముందు ఉయ్యాలబల్ల మీద పడి ఉండే పుస్తకం ఆ రోజు నుంచి ఆమె పెట్టెలోకి ఎందుకు పోయింది? నేను అటు చూస్తే ఆమె ఇటెందుకు తిరుగుతోంది? ఒకరోజు ఆమె బావి దగ్గర ఉండగా పరమేశ్వరి ఆ పెట్టె ముందు కూర్చుని కనపడింది. "ఏం చేస్తున్నావే?" అంటే ఉలిక్కిపడి, "రిబ్బను వెతుక్కుంటున్నానత్తా" అంది. ఈ ఇంట్లో అందరికీ ఏదో ఒక గూడుపుఠాణీ ఉందనిపించింది నాకు. మా అమ్మ రక్తం కదూ మరి!

అమ్మ ఊరుకునే రకం కాదు. బొమ్మలు చూస్తానని పుస్తకం అడిగి తీసుకుంది. మహాలక్ష్మి ఇవ్వడానికి తటపటాయించింది. ఆ తటపటాయింపు ఒక్కటే చాలు మా అమ్మకు. పుస్తకం కొంగు కింద పెట్టుకుని, నన్ను సాక్షిగా లాక్కుని కొట్టు దగ్గరికి వచ్చింది. బడి పంతులమ్మ అంతోనమ్మగారు సరుకులకు వచ్చే వేళ అది.

"పంతులమ్మగారూ, గుమ్మడికాయ బొమ్మ తర్వాత పేజీ చదివిపెట్టండి. ఉన్నది ఉన్నట్టు చదవాలి. మధ్యలో మీ దేవుణ్ణి గాని, మా దేవుణ్ణి గాని కలపొద్దు" అంది అమ్మ.

అంతోనమ్మగారు నవ్వి, "ఉన్నదే చదువుతానులెండి అమ్మగారూ" అని కొట్టు అరుగు మీద కూర్చుని మొదలుపెట్టారు. కాసేపటికి ఆవిడ నవ్వు ఆగిపోయింది.

ఆ పేజీలో ఉన్నది ఇది. ఉడత పిల్లల తల్లి చచ్చిపోయింది. తండ్రి ఉడత ఇంకో ఉడతను తెచ్చుకున్నాడు. ఆ కొత్త ఉడత గింజలు తాను తిని, పొట్టు పిల్లలకు పెట్టేది. పిల్లలు నిద్రపోయాక వాళ్ళ తోకల్లో వెంట్రుకలు పీకి తన పరుపులో కుక్కుకునేది. అందుకే పిల్లలు ఆ ఇంటికి దండం పెట్టి, మళ్ళీ ఎన్నడూ తిరిగి రామని బాతు వెంట వెళ్ళిపోయారు.

నా గుండె నీరైపోయింది. పాపం పిచ్చిది, ఈ పేజీ చూసి ఎంత ఉలిక్కిపడి ఉంటుందో! చిన్నప్పుడెప్పుడో విన్న కథ, ఈ ఉడత సంగతి ఎక్కడ గుర్తుంటుంది? అమ్మ మాత్రం కదలకుండా నిలబడింది.

"పిల్లలు బాధపడతారని దాటేసిందేమోనండి" అన్నారు అంతోనమ్మగారు మెల్లగా.

"పిల్లలు బాధపడతారనో, పిల్లలకు తన సంగతి తెలిసిపోతుందనో. అదే కదా నాకు తేలాల్సింది" అంది అమ్మ.

దారిలో నేను ఊరుకోలేదు. "ఆ పుస్తకం ఎంచింది నువ్వే కదమ్మా! బాతుకు పెళ్ళయిందా అని అడిగావు గాని, ఉడతకయిందా అని అడిగావా?" అన్నాను.

"నేనే ఎంచాను. కాదన్నానా?" అంది. ఆ గొంతులో మొదటిసారి తడబాటు వినపడింది. "ఎల్లుండి సుబ్బాయమ్మగారొస్తున్నారు. ఆవిడ ముందే తేలుస్తాను. నువ్వు మీ వదినతో ఒక్క ముక్క చెప్పావంటే నా గుమ్మం తొక్కొద్దు."

అమ్మ ఏమీ ఎరగనట్టు పుస్తకం మహాలక్ష్మికి తిరిగిచ్చేసింది. నేను చెప్పలేదు. చెబితే ఇంకా పెద్ద గొడవవుతుందని భయపడ్డాను.

సుబ్బాయమ్మగారు గంపలగూడెం నుంచి మామిడిపళ్ళ బుట్టతో దిగారు. మనవరాలిని, మనవణ్ణి ఒళ్ళోకి లాక్కుని ఏడ్చారు. పిల్లల బట్టలు పెట్టుకుపోవడానికి చేతిసంచీ కూడా తెచ్చుకున్నారు. మహాలక్ష్మి ఆ సంచీ చూసింది.

భోజనాలయ్యాక అమ్మ ఎప్పటిలాగే గుమ్మం పక్కన కూర్చుని, చేటలో పప్పు పోసుకుంది. "మహాలక్ష్మీ, బాతు పుస్తకం తే. ఆ గుమ్మడికాయ బొమ్మ తర్వాత పేజీ సరిగ్గా వినపడలేదు నాకు. వదినగారు కూడా వింటారు. మొదట్నుంచి చివరిదాకా చదువు" అంది.

మహాలక్ష్మి మొహంలో రక్తం లేదు. పుస్తకం తెరిచింది. "గుమ్మడికాయ ఇంట్లో ఇద్దరు ఉడత పిల్లలు ఉండేవారు. వాళ్ళ తల్లి..." అంది. అక్కడితో ఆగిపోయింది. పెదవులు కదులుతున్నాయి గాని మాట రావడం లేదు. రాజా "చదువు పిన్నీ" అని కుదుపుతున్నాడు. సుబ్బాయమ్మగారు అనుమానంగా చూస్తున్నారు. మా అమ్మ చేయి పప్పు మీద ఆగి ఉంది. ఆ క్షణంలో కన్నతల్లి అని కూడా చూడకుండా ఆమె చేటను వీధిలోకి విసిరేయాలనిపించింది నాకు.

అప్పుడు స్తంభం దగ్గర నుంచి పరమేశ్వరి లేచింది. వచ్చి మహాలక్ష్మి చేతిలో పుస్తకం తీసుకుంది.

"నేను చదువుతాను. నాకొచ్చు" అంది.

మా అమ్మ కళ్ళు మెరిశాయి. పసిపిల్ల, దానికి దాచడం ఏం తెలుసు? ఇంతకన్నా నిజమైన తక్కెడ ఎక్కడ దొరుకుతుంది? "చదవ్వే నా తల్లీ. వేలు పెట్టి చదువు" అంది.

పరమేశ్వరి కింద కూర్చుని, వేలు పెట్టి చదవడం మొదలుపెట్టింది. నేను దాని వెనకే నిలబడ్డాను. పేజీ నాకు కనపడుతూనే ఉంది.

"వాళ్ళ తల్లి చచ్చిపోయింది. తండ్రి ఉడత ఇంకో ఉడతను తెచ్చాడు" అంది. సుబ్బాయమ్మగారు ఊపిరి బిగబట్టారు. మహాలక్ష్మి కళ్ళు మూసుకుంది. పరమేశ్వరి వేలు తర్వాతి వరుస మీదికి వెళ్ళింది.

"ఆ కొత్త ఉడత గింజలు పిల్లలకు పెట్టి, పొట్టు తాను తినేది."

నేను తుళ్ళిపడ్డాను. వంగి చూశాను. అక్కడ అలా లేదు. వేలు మాత్రం అక్షరాల మీదే జరుగుతోంది.

"పిల్లలు నిద్ర లేవగానే వాళ్ళ తోకలకు నూనె రాసి, చిక్కు తీసి, జడలు వేసేది. పెద్ద ఉడత పిల్ల మొదట్లో తోక ముట్టుకోనిచ్చేది కాదు. ఆ కొత్త ఉడత రోజూ దువ్వెన పట్టుకుని గుమ్మంలో నిలబడి చూసేది. తర్వాత ముట్టుకోనిచ్చింది."

మా అమ్మ చేయి పప్పులో మెల్లగా కదలడం మొదలైంది. పరమేశ్వరి చదువుతూనే ఉంది. లేని వరుసలు చదివింది, ఉన్న వరుసల మీద వేలు జరిపింది. చివరికి, "ఉడత పిల్లలు బాతుతో బయలుదేరారు" అంది.

"ఇల్లు బాగానే ఉందిగా, ఎందుకెళ్ళారు మరి?" అన్నాడు రాజా.

పరమేశ్వరి పుస్తకంలోకి చూడలేదు. సుబ్బాయమ్మగారి పక్కనున్న చేతిసంచీ వైపు చూసింది. "ఊరికే, చూడ్డానికి. మళ్ళీ ఇంటికొచ్చేస్తారు" అంది.

సుబ్బాయమ్మగారు మనవరాలిని దగ్గరికి తీసుకుని వీపు నిమిరారు. బిగుతుగా, నున్నగా అల్లిన జడ చేతికి తగిలింది.

"ఈ జడెవరేశారే? మీ అత్తా?"

"కాదు. పిన్ని."

ఆ మాట దాని నోట అదే మొదటిసారి వినడం. అది పొద్దున్నే దువ్వెన పట్టుకుని మా ఇంటికి రావడం ఎప్పుడు మానేసిందో నేను గమనించనే లేదు. సెలవుల్లో బద్ధకిస్తోందనుకున్నాను. ఊళ్ళో వాళ్ళందరి తూకాలూ పట్టే మా అమ్మ కూడా గమనించలేదు. మహాలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

"వదినగారూ, మీరు ఏడాది గడువడిగారు. ఏం తేల్చారు?" అన్నారు సుబ్బాయమ్మగారు, కళ్ళు తుడుచుకుంటూ.

మా అమ్మ చేటలోకి చూసింది. పప్పు ఏరటం పూర్తయింది. పేజీ ఎంత పొడుగుందో అంత సేపూ చదివింది పిల్ల. ఆ పేజీలో ఏముందో అమ్మకు కంఠతా వచ్చు. ఏది పోయిందో, ఏది వచ్చి చేరిందో అంతా ఆమెకు తెలుసు. ఆ సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. ఇప్పుడు బయటపెడుతుంది, పిల్లను కూడా నిలదీస్తుంది అని బిగుసుకుపోయి చూస్తున్నాను.

"తూకం సరిపోయింది వదినగారూ" అంది అమ్మ. "కొసరు కూడా పడింది."

సుబ్బాయమ్మగారికి సగమే అర్థమైంది. ఆ సగమే చాలింది. "అయితే నాలుగు రోజులు నాతో పంపండి. ఊరికే, చూడ్డానికి. బడి తెరిచేలోపు నేనే తెచ్చి దింపుతాను" అన్నారు. కూతుర్ని పోగొట్టుకున్న మనిషి, పిల్లల్ని కూడా వదులుకుని లేవడం తేలిక కాదు. ఆవిడ చేతిసంచీ చూసి నాకొచ్చిన కోపమంతా పోయింది.

రాజా ఇవేమీ పట్టించుకోకుండా "తర్వాతేమైంది? తర్వాతేమైంది?" అని గోల పెట్టాడు. మహాలక్ష్మి మొహం కడుక్కుని వచ్చి పుస్తకం అందుకుంది. పరమేశ్వరి స్తంభం దగ్గరికి వెళ్ళలేదు. పిన్ని మోకాలికి ఆనుకుని కూర్చుంది.

"అత్తయ్యా, ఆ పేజీ సంగతి..." అని మొదలుపెట్టింది మహాలక్ష్మి.

"ఏ పేజీ?" అంది అమ్మ. "ముందుకు చదువు."

బస్తాలో ఇంకా బోలెడు పప్పుంది. నేను చేట నింపి ఆమె ముందు పెట్టాను. అమ్మ దాన్ని పక్కకు జరిపేసింది.

"రేపట్నుంచి మహాలక్ష్మి ఏరుద్ది. నాకు కళ్ళు ఆనటం లేదు" అంది.

పచ్చి అబద్ధం. చనిపోయేదాకా మా అమ్మ కళ్ళకు ఏ లోపమూ రాలేదు. చేట పక్కన పెట్టేసి, ఖాళీ చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఆ మధ్యాహ్నమంతా మా అమ్మ కథ విన్నది.